లెక్కకు రాని ముక్కుదిబ్బడ

పడిశం పది రోగాల పెట్టు అన్నారు పెద్దలు. అన్నారే గానీ, ఇంటి ఇల్లాలి పడిశాన్ని మాత్రం ఆ పదింటిలో ఒక్కదాని కిందా జమ వేయలేదు. ఇంటాయనకు రెండు తుమ్ములొస్తే మిరియాల పాలు, వేడి వేడి చారు, "ఇవాళ సెలవు పెట్టకూడదూ" అనే బుజ్జగింపు. పిల్లలకొస్తే సరే సరి, స్కూలు మాన్పించి మరీ డాక్టరు దగ్గరకు పరుగు. అదే ఇల్లాలికొస్తే? "కాస్త ఆవిరి పట్టుకోకపోయావా!" అని ఓ సలహా. ఆ ఆవిరికి నీళ్లు కాచుకోవాల్సిందీ ఆవిడే, పసుపు వెతుక్కోవాల్సిందీ ఆవిడే. దుప్పటి కప్పుకుని గిన్నె ముందు కూర్చున్న అయిదు నిమిషాల్లోనూ "కాఫీ ఏదీ?" అన్న కేక వినాల్సిందీ ఆవిడే.

పెళ్లయి వచ్చింది మొదలు పదిహేనేళ్లుగా ద్వారకానగర్‌లో ఉంటున్నాను. విశాఖపట్నం తెలిసినవాళ్లకి ఈ పేట గురించి చెప్పక్కర్లేదు. ఒకవైపు ఆర్టీసీ కాంప్లెక్సు, మరోవైపు డైమండ్ పార్కు, మధ్యలో పౌర గ్రంథాలయం, కోచింగ్ సెంటర్లు. వీటన్నిటి సందుల్లో నర్సింగ్ హోములు, స్కానింగ్ సెంటర్లు, మందుల షాపులు. శ్రీకాకుళం, విజయనగరం, నర్సీపట్నం బస్సులు దిగి, చేతిలో పెద్ద ఎక్స్‌రే కవర్లతో డాక్టరుగారి బోర్డు వెతుక్కుంటూ తిరిగే జనాన్ని రోజూ చూస్తూంటాను. వాళ్లలో చాలామంది నోట వినబడే మాట ఒకటే: "సైనస్ అన్నారండీ."

నిజమే, చెవి ముక్కు గొంతు డాక్టర్ల దగ్గర వరుసలో నిలబడేవాళ్లలో దీర్ఘకాలిక సైనసైటిస్ రోగులు తక్కువేం కాదు. ఆసుపత్రికొచ్చిన వందమందిలో ఇంతమందికి ఉంది అని డాక్టర్లు లెక్కలు వేస్తూంటారు, వైద్య పత్రికల్లో రాస్తూంటారు. వేయనివ్వండి, మంచిదే. కానీ ఆ లెక్క చూసినప్పుడల్లా నాకొక ప్రశ్న మిగిలిపోతుంది. ఆసుపత్రికి వచ్చినవాళ్ల సంగతి సరే, రానివాళ్ల మాటేమిటి? వాళ్లలో ఎక్కువమంది ఎవరు?

అసలీ సైనస్ అంటే జబ్బు పేరు కాదు, మన ముఖంలో ఉండే గాలి గదుల పేరు. బుగ్గ ఎముకల వెనక, కనుబొమల పైన, రెండు కళ్ల నడుమ, ఇంకాస్త లోతుగా తల మధ్యలో... ఇలా నాలుగు జతలు. ప్రతి గదికీ ముక్కులోకి తెరుచుకునే సన్నటి ద్వారం ఉంటుంది. లోపలి పొరలో ఊరే జిగురును కంటికి కనిపించనంత సన్నటి నూగు ఎప్పటికప్పుడు ఆ ద్వారం వైపు తోస్తూంటుంది. ఆ పొర వాచి ద్వారం మూసుకుపోయిందనుకోండి, తూము పూడుకుపోయిన వంటింట్లో ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? ముఖంలోనూ అదే అవుతుంది.

మామూలు జలుబు వారం, పది రోజుల్లో పోతుంది. పన్నెండు వారాలు దాటినా పోకపోతే అప్పుడు దీర్ఘకాలిక సైనసైటిస్ అనుమానం. దానికీ ఓ పద్ధతుంది. ముక్కు దిబ్బడ, ముక్కులోంచి గానీ గొంతులోకి గానీ జిగురు కారడం, ముఖంలో నొప్పీ బరువూ, వాసన తెలియకపోవడం - ఈ నాలుగింటిలో కనీసం రెండుండాలి. ఆ రెండింటిలో ఒకటి మొదట చెప్పిన రెండింటిలోదే అయ్యుండాలి. ఆపైన డాక్టరు ముక్కులో సన్నటి గొట్టం పెట్టి చూసో, స్కాన్ తీయించో ఖాయం చేయాలి.

అంటే లెక్క కూడా ఎలా అడిగారన్న దాన్ని బట్టే మారుతుందన్నమాట! 2011లో వెలువడిన ఒక సర్వేలో, యూరప్‌లోని పన్నెండు దేశాల్లో సుమారు 57 వేలమంది పెద్దవాళ్లను ప్రశ్నలడిగితే, నూటికి దాదాపు 11 మందికి ఈ లక్షణాలున్నాయని తేలింది. అదే గొట్టం పెట్టి చూసో, స్కాన్ తీసో ఖాయం చేసుకున్నవాళ్లను మాత్రమే లెక్కిస్తే ఆ సంఖ్య నూటికి మూడు నుంచి ఆరుకి పడిపోతుందని యూరప్ నిపుణులే 2020లో రాశారు. ఇంకో తమాషా ఏమిటంటే, ఏ బాధా లేనివాళ్లకు వేరే కారణంతో తల స్కాన్ తీసినా సైనస్ పొర కాస్త మందంగా కనబడటం మామూలే. కాబట్టి రిపోర్టులో ఆ మాట చూడగానే బెంబేలెత్తిపోనక్కర్లేదు.

ఇక ఆసుపత్రి లెక్కలకు ఇంకో పేచీ ఉంది. ఆసుపత్రికొచ్చేవాళ్లను చూసి ఊరు మొత్తాన్ని అంచనా వేస్తే పొరపాటు పడతామని 1946లోనే జోసెఫ్ బర్క్‌సన్ అనే అమెరికన్ వైద్యుడు లెక్కకట్టి చూపించాడు. అంత దూరం ఎందుకు, మన దేశం సంగతే చూడండి. 2016లో ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగిన 23 లక్షల పైచిలుకు ఓ.పి. సందర్శనల రికార్డులను పరిశోధకులు తిరగేశారు. కాన్పుల విభాగం తీసేసి చూస్తే, ఒక్క స్త్రీ వచ్చిన చోట పురుషులు 1.69 మంది వచ్చారు. ఆ చుట్టుపక్కల నాలుగు రాష్ట్రాల జనాభా నిష్పత్తి ప్రకారం రావలసిన స్త్రీలలో, ఆ ఒక్క ఏడాదిలోనే నాలుగు లక్షలకు పైగా సందర్శనలు తక్కువ పడ్డాయని తేల్చారు. ఊరు దూరమయ్యేకొద్దీ ఆడవాళ్లు ఇంకా తగ్గిపోయారు. అది 2019లో అచ్చయిన అధ్యయనం. ఢిల్లీ మాట మనకెందుకులే అనుకోకండి. నర్సీపట్నం బస్సులో భర్తకి బాగాలేదని తోడొచ్చిన భార్యలు ఎంతమంది, భార్యకి బాగాలేదని తోడొచ్చిన భర్తలు ఎంతమంది? ఒక్కరోజు కాంప్లెక్సులో నిలబడి మీరే చూడండి.

మా పనావిడకు ఏడాది పొడుగునా ముక్కు బరువే. మాట కూడా ముక్కుతోనే వస్తుంది. ఆసుపత్రికి వెళ్లవే అంటే ఆవిడ అంటుంది కదా, "ఏటి సేత్తానమ్మా, ముక్కు మూసీసింది. పొద్దుటేల ఓ.పి.కెళ్తే నాలుగిళ్ల పని పోద్ది. రొండ్రోజులు మానీస్తే ఇంకోలని పెట్టీసుకుంతారు." ఆమె మాటలో అబద్ధం ఏముంది? వాల్తేరు వైపు ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రి ఉంది. 1923 నాటి కింగ్ జార్జి ఆసుపత్రి ఉండనే ఉంది. చూసే డాక్టర్లున్నారు, ఇచ్చే మందులున్నాయి. లేనిదల్లా ఆమె చేతిలో ఒక పొద్దుటి పూట!

సరే, వెళ్లనివాళ్లు లెక్కలోకి రాకుండా పోతున్నారు. మరి వెళ్లినవాళ్లలో కొందరు తప్పు లెక్కలో పడుతున్నారు. తలనొప్పి రాగానే "నాకు సైనస్" అనేయడం మనకి అలవాటైపోయింది. 2004లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. మాది సైనస్ తలనొప్పే అని గట్టిగా నమ్మిన, లేదా డాక్టరు అలా చెప్పిన 2,991 మందిని పరీక్షిస్తే, వాళ్లలో 88 శాతం మందిది నిజానికి మైగ్రేన్ తరహా తలనొప్పి అని తేలింది. అదే మన అమ్మమ్మలు పార్శ్వపు నొప్పి అన్నది. అది వచ్చినప్పుడు కూడా ముక్కు కారవచ్చు, కళ్లలో నీళ్లు రావచ్చు, బుగ్గ బరువెక్కవచ్చు. అందుకే ఈ పొరపాటు. మైగ్రేన్ మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఫలితం చూడండి... సైనస్ ఉన్న ఆడమనిషి ఇంట్లో ఉండిపోతుంది, లేని ఆడమనిషి సైనస్ మందులు మింగుతుంది. రెండు వైపులా నష్టం మనకే.

వాసన పోతే ఏం పోయినట్టు?

"ముక్కు దిబ్బడేగా, ప్రాణం మీదికేం రాదు" అంటారు. దీర్ఘకాలిక సైనసైటిస్‌లో, ముఖ్యంగా ముక్కులో కండలు పెరిగినవాళ్లకు, వాసన తెలియడం తగ్గిపోతుంది. మగాయనకు వాసన పోతే భోజనం రుచి పోతుంది. ఇల్లాలికి పోతే సగం పనిముట్టు పోయినట్టే. పోపు మాడిందా లేదా, పాలు విరిగాయా, నిన్నటి పప్పు పాడైందా, పసివాడి పక్క తడిసిందా... ఇవన్నీ మనకి ముందు చెప్పేది ముక్కే కదా! వంట గ్యాసుకు సొంత వాసన ఉండదు. లీకైతే తెలియడానికని కావాలని ఘాటు వాసన కలుపుతారు. ఆ వాసన పట్టలేని మనిషికి ఆ ఏర్పాటంతా దండగే.

మన ఊళ్లో ఈ మాట ఇంకా గట్టిగా అనాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి చుట్టుపక్కల ఇళ్లను కమ్మేసింది. పన్నెండుమంది ప్రాణాలు పోయాయి. ముక్కు పనిచేయడం అన్నది ఈ పారిశ్రామిక నగరంలో షోకు కాదు, మన ఇంటికి కాపలా.

మరుసటి ఏడాది వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. కరోనా రెండో విడతలో బ్లాక్ ఫంగస్ అన్న మాట విని గుండెలు జారిపోయాయి. 2021 మేలో రాష్ట్ర ప్రభుత్వం ఆ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది కూడా. ఆ బూజు ప్రవేశించేది ముక్కులోంచే, స్థావరం చేసుకునేది సైనస్ గదుల్లోనే, అక్కణ్ణించి కంటికీ మెదడుకీ పాకుతుంది. అదుపులో లేని చక్కెర జబ్బు, దానికి తోడు స్టెరాయిడ్లు పడినవాళ్లనే అది ఎక్కువగా పట్టింది. మామూలు సైనసైటిస్‌కూ దానికీ పోలిక లేదు, భయపడక్కర్లేదు. కానీ షుగర్ ఉన్న ఆడవాళ్లు బుగ్గవాపునూ, ముక్కులో నల్లటి స్రావాన్నీ "రేపు చూద్దాం" అనుకోకూడదన్న పాఠం మాత్రం ఉంది.

వృత్తి: ఏమీ లేదు

ఇక గాలి సంగతి. విశాఖ అందం అంతా కొండల మధ్య ఒదిగి ఉండటమే అంటాం. డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండలు ఒకవైపు, కైలాసగిరి మరోవైపు, మధ్యలో గిన్నెలాంటి పల్లం. చలికాలం ఉదయాల్లో పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటే, కింది దుమ్మూ పొగా ఎటూ పోలేవు. ఈ గిన్నెలోనే రేవు, చమురు శుద్ధి కర్మాగారం, బొగ్గు, ఇనుప ఖనిజం రవాణా. ఇవి చాలనట్టు మా కాంప్లెక్సు దగ్గర తెల్లవార్లూ తగ్గని బస్సులూ, ఆటోలూ. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విశాఖ పేరూ ఉంది. పదిమైక్రాన్ల ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. ఈ ధూళికీ ముక్కు, సైనస్ బాధలకూ సంబంధం ఉందని పలు దేశాల పరిశోధనలు సూచిస్తున్నాయి.

ఆ ధూళిని ఇంట్లో రోజూ కదిలించేది ఎవరు? వన్‌టౌన్‌లో ఉన్న స్నేహితురాలి ఇంటికెళ్తే కిటికీ చువ్వ పట్టుకున్న చేతికి నలుపు అంటుకుంటుంది. ఆవిడ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తుడుస్తుంది. గాజువాక వైపు కర్మాగారాల్లో పనిచేసే కార్మికుడికి, ప్రమాదకరమైన పని అయితే, ఆరోగ్య పరీక్షలు జరిపించాలని చట్టం చెబుతుంది. జరిపించాల్సిందే. మరి ఆయన వేసుకొచ్చిన యూనిఫాం దులిపి, నానబెట్టి, ఉతికే మనిషికి ఏ చట్టం పరీక్ష చేయిస్తుంది? బూజులు దులిపేదీ, చీపురు పట్టేదీ, ఎండుమిర్చి వేయించేదీ, దేవుడి గదిలో అగరొత్తులూ, సాయంత్రం దోమల బత్తీ వెలిగించేదీ ఎవరు? పేరుకి ఇంటి పట్టున ఉంటుంది. కానీ దుమ్మూ పొగలతో ఆవిడకున్నంత సహవాసం ఎవరికుంది?

ఆమధ్య ముక్కు బాధతోనే ఒక క్లినిక్‌కి వెళ్తే, కౌంటర్లో అమ్మాయి నా వివరాలు రాసుకుంది. వృత్తి అన్న గడి దగ్గర నన్నడగకుండానే "ఏమీ లేదు" అని రాసేసింది. కథలు రాస్తానమ్మా అంటే నవ్వింది. పోనీ కథల సంగతి వదిలేయండి. అదే గడిలో "వంట, చీపురు, దుమ్ము, పొగ - రోజుకు పద్నాలుగు గంటలు" అని రాసి ఉంటే డాక్టరుగారు అడిగే ప్రశ్నలు మారేవి కావూ? సిమెంటు పని, పిండి మర, పత్తి మిల్లు అని రాస్తే ఆయన వెంటనే దుమ్ము గురించి ఆరా తీస్తారు. "ఏమీ లేదు" అన్న మనిషిని ఏమని అడుగుతారు? ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం ఎంత గొప్ప సర్వే చేసినా మన రోగానికి కారణం ఆ కాగితాల్లో దొరకదు.

అందుకని నేను కోరేవి పెద్ద కోరికలేం కాదు. పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో వారానికొక్కసారైనా, అదీ మధ్యాహ్నం పూటో సాయంత్రం పూటో, చెవి ముక్కు గొంతు డాక్టరు కూర్చోవాలి. పన్నెండు వారాల ముక్కు దిబ్బడ ఉందా అన్న ఒక్క ప్రశ్న, వాసన తెలుస్తోందా అన్న మరో ప్రశ్న - ఇంటింటికీ వచ్చే ఆశా కార్యకర్తల చేత అడిగించవచ్చు. ఓ.పి. చీటీలో ఇంటిపనిని పనిగా రాయాలి. దీనికి కొత్త భవనాలక్కర్లేదు, కోట్లక్కర్లేదు.

మన వంతుగా చేయగలిగినవీ ఉన్నాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ముక్కు చుక్కలున్నాయే, క్షణంలో ముక్కు తెరిపించేవి, అవి అయిదారు రోజులకు మించి వాడితే మందే జబ్బవుతుంది. మానేయగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుపోతుంది. డాక్టర్లు రాసే స్టెరాయిడ్ స్ప్రే వేరు. దాని గుణం వారాల తరబడి వాడితేనే తెలుస్తుంది, రెండ్రోజులకే పనిచేయలేదని మూల పడేయకూడదు. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం మంచిదని ఇప్పుడు అందరు డాక్టర్లూ చెబుతున్నారు. పావు లీటరు నీటికి అయోడిన్ కలపని ఉప్పు అర చెంచా, చిటికెడు వంటసోడా. కానీ ఆ నీళ్లు మరిగించి చల్లార్చినవే అయ్యుండాలి. కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు 2011లో అమెరికాలో మెదడుకు అమీబా సోకి చనిపోయారు. కేరళలో 2024, 2025లలో ఆ అమీబా జబ్బు ఎంత కలవరం పుట్టించిందో పేపర్లలో చదివాం.

ఒకవైపు ముక్కు మాత్రమే దుర్వాసన వేస్తూంటే పై దవడ పన్ను కారణం కావచ్చు, దంత వైద్యుడికి చూపించుకోవాలి. ఒకే వైపు దిబ్బడతో రక్తం పడుతున్నా, కన్ను వాచినా, వస్తువులు రెండుగా కనబడినా, జ్వరంతో నుదురు పగిలిపోతున్నా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. వంట ఎవరు చేస్తారన్న ప్రశ్న ఆ పూటకి వాళ్లనే ఆలోచించుకోనివ్వండి.

ఇంట్లో మగవాళ్లకీ ఒక మాట. వారానికొకసారి బూజుకర్ర పట్టుకోండి, ముక్కుకి గుడ్డ కట్టుకుని మరీ పట్టుకోండి. మీ ఆవిడ ముక్కుతో మాట్లాడుతోందని వేళాకోళం చేసే బదులు, ఎన్నాళ్లనుంచి అని అడిగి చూడండి. మూడు నెలలని చెబితే చెప్పులు వేసుకుని తోడు బయల్దేరండి.

మనకీ ఓ మాట. ఓర్చుకోవడం మనకి ఉగ్గుపాలతో నేర్పారు. ఇంకొకరి జ్వరాన్ని చేత్తో ముట్టుకుని డిగ్రీలు చెప్పగలం, మన ఒంటి సంగతి మాత్రం పక్కింటి పిన్నిగారు చెబితే గానీ తెలియదు. ఈసారి ఆసుపత్రి కౌంటర్లో "వృత్తి?" అని అడిగితే తలొంచుకుని "హౌస్‌వైఫ్" అని గొణగకండి. రోజంతా చేసే పనేమిటో, ఎంత దుమ్ము పీలుస్తున్నారో ముక్కుసూటిగా చెప్పండి. రాసుకోకపోతే రాసుకునేదాకా చెప్పండి.